మూడు తూములు, ఒక్క కాలువ

ఫిబ్రవరి నెలాఖరు ఆదివారం పొద్దున్నే డాబా ఎక్కారు. సంక్రాంతి సెలవుల్లో కొన్న గ్రో బ్యాగులు మడత కూడా విప్పకుండా వాటర్ ట్యాంకు పక్కన పడి ఉన్నాయి. కిందికి దిగి హాల్లోకి వస్తే, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవంలో కొన్న నాలుగు పుస్తకాలు బల్ల మీద ఉన్నాయి. ఒక్కటీ పదో పేజీ దాటలేదు. వాటి పక్కన రంగుల డబ్బా, మూత బిగుసుకుపోయి రావడం లేదు. ఇంతలో ఫోను టింగుమంది. ఆఫీసు గ్రూపులో మెసేజి: ఇయర్ ఎండింగ్ దగ్గరకొచ్చింది, మార్చిలో ఎవరూ సెలవు అడగొద్దు.

ఇది మీ ఇల్లేనా? మాదీ అదే వరస. ఇల్లు కంకిపాడులో, ఉద్యోగం బెజవాడలో, పని ఏమో లెక్కలు రాయడం. బొమ్మలంటే చిన్నప్పటి నుంచీ పిచ్చి. చేయి తిరగలేదు గానీ పిచ్చి తగ్గలేదు. పెరట్లో మల్లెపొద, డాబా మీద కూరగాయలు. ఈ మూడిట్లో ఏదో ఒకటి ఎప్పుడూ నా మీద అలిగి కూర్చునేది.

అలిగినప్పుడల్లా నేనేం చేసేవాణ్ణో తెలుసా? టైంటేబుల్ గీసేవాణ్ణి. అయిదింటికి లేవడం, అయిదున్నర నుంచి ఆరున్నర దాకా మొక్కలు, రాత్రి తొమ్మిది నుంచి పది దాకా బొమ్మలు. స్కేలు పెట్టి, రెండు రంగుల పెన్నులతో, చాలా అందంగా. నాలుగో రోజుకి అది ఫ్రిజ్ తలుపు మీద అలంకారంగా మిగిలేది. మీ ఇంట్లోనూ అలాంటి కాగితం ఒకటి ఉండే ఉంటుంది. లోపం మీ పట్టుదలలో లేదు, ఆ కాగితంలో ఉంది. మూడింటికీ రోజూ సమానంగా పంచాలనుకోవడమే దాని తప్పు.

మా తాతయ్య కాలువ కింద సేద్యం చేసినవాడు. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి, దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చిన తర్వాత కూడా, మన పొలాలు చూసేది కాలువ వైపే కదా. ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ. నీళ్లు పుష్కలంగా ఉన్న ఏడు ఎవరికీ గొడవ లేదు. తక్కువైన ఏడు వంతులు పెడతారు. ఇన్ని రోజులు ఈ కాలువకి, ఇన్ని రోజులు ఆ కాలువకి. లస్కరు వచ్చి ఒక తూము షట్టరు లేపుతాడు, ఇంకోటి దించుతాడు. అన్ని తూములూ కాస్త కాస్త తెరిచి ఉంచితే ఏమవుతుంది? నీరు ఏ పొలానికీ ఎక్కదు. అడుగున పాకి ఇంకిపోతుంది.

వంతు వచ్చిన రాత్రి తాతయ్య నిద్రపోయేవాడు కాదు. టార్చిలైటు, పార పట్టుకుని గట్టు మీదే. వంతు లేని రోజుల్లో మాత్రం హాయిగా నిద్రపోయేవాడు. "మన వంతు కానప్పుడు కాలువ దగ్గర కాపలా కాస్తే నీళ్లొస్తాయేంట్రా?" అనేవాడు.

ఈ అధ్యాయం మొత్తం ఆ మాట చుట్టూనే తిరుగుతుంది. మీ టైము ఒక్క కాలువ, తూములు మూడు. మార్చి నెల అంటే నీళ్లు తక్కువైన ఏడు లాంటిది. లస్కరు మీరే. ఎలా తిప్పాలో ఇప్పుడు చూద్దాం.

1. మన వసంతం ఎన్నాళ్లో ముందు లెక్కేసుకోండి

పంచాంగంలో వసంతమంటే చైత్ర వైశాఖాలు. వైశాఖంలో మిట్టమధ్యాహ్నం కంకిపాడు సెంటర్లో ఓసారి నిలబడి, ఇది వసంతమని ఎవరితోనైనా అని చూడండి! డాబా మీది మొక్కకి సంబంధించినంత వరకు మన వసంతం శివరాత్రికి అటూ ఇటూగా మొదలై శ్రీరామనవమి పందిళ్లు విప్పేసరికి అయిపోతుంది. తర్వాత వచ్చేది ఎండాకాలం. అప్పుడు మొక్కని పెంచలేం, బతికించుకోగలం అంతే.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ఉగాది మంచి రోజని ఆ రోజు విత్తనాలు వేస్తారు. మంచి రోజే, కాదనను. కానీ ఉగాది తేదీ ఏటా మారుతుంది. 2024లో ఏప్రిల్ 9న వచ్చింది, 2025లో మార్చి 30న, 2026లో మార్చి 19న. మూడు వారాల తేడా! చాంద్రమానం మీద నడిచే పండుగ ముందుకీ వెనక్కీ జరుగుతుంది గానీ ఎండ జరగదు. ఏప్రిల్ 9న వేసిన బెండ విత్తనం మొలిచి నాలుగాకులు తొడిగేసరికి నెత్తి మీద నిప్పులే.

కాబట్టి విత్తనాల తేదీని పండక్కి ముడిపెట్టకండి. ఫిబ్రవరి మొదటి పక్షంలో వేయండి. ఉగాదికి విత్తనం నాటడం కాదు, మొదటి కోత కోయడం పెట్టుకోండి. పచ్చడిలోకి వేపపువ్వు ఎలాగూ వీధిలో దొరుకుతుంది. దాంతోపాటు మీ డాబా మీది తోటకూర పప్పు ఉంటే ఎంత బాగుంటుంది?

రెండో తేదీ మార్చి 31. ఇది జరిగే తేదీ కాదు. లెక్కలవాళ్లకి, బ్యాంకువాళ్లకి, పన్నులు వసూలు చేసేవాళ్లకి అది కత్తి. టీచర్లకి, పదో తరగతి పిల్లలున్న ఇళ్లకి మార్చి అంతా పరీక్షలే. ఈ రెండు తేదీలనీ క్యాలెండరు మీద ఎర్ర పెన్నుతో గుండ్రంగా చుట్టండి. టైంటేబుల్ వద్దు. ఈ రెండు సున్నాలు చాలు.

2. ఎనిమిది బ్యాగులతో మొదలుపెట్టండి

ఒకసారి రాజమండ్రి పెళ్లికి వెళ్లి వస్తూ కడియం నర్సరీల దగ్గర కారు ఆపాం. దారికి రెండు పక్కలా కనుచూపు మేర పచ్చదనం, పూలు. మనిషికి ఆశ ఎక్కడాగుతుంది? డిక్కీ నిండిపోయింది, వెనక సీటు నిండిపోయింది, మా ఆవిడ ఒళ్లో ఒక నందివర్ధనం కూర్చుంది. మొత్తం ముప్పైరెండు మొక్కలు. మే నెల దాటి బతికినవి ఐదు. నర్సరీల తప్పేం లేదు, మొక్కలు బంగారంలా ఉన్నాయి. నీళ్లు పోసే మనిషి ఒక్కడు, అదీ మార్చిలో.

మీరు అలా చేయకండి. ఉద్యోగం చేసే ఇంటికి మొదటి ఏడాది ఎనిమిది బ్యాగులు చాలు. నా పంపకం ఇది:

బెండకి మూడు, అడుగు వెడల్పువి. తోటకూర, గోంగూరలకి చెరొక వెడల్పాటి టబ్బు, లోతు అరడుగు ఉన్నా చాలు. బచ్చలికి ఒకటి. బీరకి లేదా సొరకి ఒకటి, అది మాత్రం పెద్దది, అడుగున్నర ఉండాలి. ఎనిమిదోది మీ ఇష్టం. కరివేపాకైనా, కనకాంబరమైనా.

టమాటా ఎందుకు లేదంటారా? ఫిబ్రవరిలో నారు పోస్తే అది పూతకొచ్చేసరికి ఎండ ముదురుతుంది, పూత రాలిపోతుంది. మొక్క ఏపుగా ఉంటుంది, కాయ ఉండదు. దాన్ని చూసి "నా చేయి మంచిది కాదు" అనుకుంటారు. చేయి మంచిదే, నెల మంచిది కాదు. వర్షాలు తగ్గాక సెప్టెంబరు, అక్టోబరుల్లో నారు పోసుకోండి. కొత్తిమీర కూడా ఎండలో ఆకు వేయడం మానేసి తొందరగా పూతకెళ్లిపోతుంది.

మట్టి గురించి ఒక్కమాట. మనది నల్లమట్టి. పొలంలో బంగారమే గానీ సంచిలో పోస్తే ఎండకి రాయిలా గట్టిపడి అంచుల నుంచి విడిపోతుంది. పోసిన నీళ్లు ఆ సందులోంచి జారి కిందికి పోతాయి, వేరుకి చుక్క అందదు. అందుకే మట్టి ఒక వంతు, మాగిన పశువుల ఎరువు గానీ వర్మీకంపోస్టు గానీ ఒక వంతు, కొబ్బరి పొట్టు ఒక వంతు కలపండి. బ్యాగుకి రెండు గుప్పెళ్లు వేపపిండి. బెండ గింజలు రాత్రంతా నానబెట్టి పొద్దున వేయండి.

బీర, సొరల్లో ఒక వరముంది. వాటి పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. ఆఫీసు నుంచి మీరు ఇంటికొచ్చే వేళకే! డాబాల మీదికి చిమ్మటలు, తేనెటీగలు సరిగ్గా రాకపోతే పిందె పచ్చబడి రాలిపోతుంది. మగపువ్వు కోసి దాని పుప్పొడిని, కింద చిన్న పిందె ఉన్న ఆడపువ్వుకి తాకించండి. నిమిషం పని. ఆ నిమిషంలో బాసు గుర్తుకు రాడు. కావాలంటే పరీక్షించుకోండి.

3. మార్చిలో తోటని దాని మానాన అది బతికేలా చేయండి

మార్చి ఆఫీసు వంతు. ఒప్పుకోండి. ఒప్పుకోకపోతే ఏమవుతుందో చూడండి. ఒకాయన ఆఫీసులో కూర్చుని మొక్కలకి నీళ్లు పోయలేదని బాధపడతాడు. ఇంటికొచ్చి నీళ్లు పోస్తూ పూర్తవని ఫైలు గురించి బాధపడతాడు. రాత్రి పడుకుని రెండింటి గురించీ బాధపడతాడు. ఏ పనీ జరగలేదు, బాధ మాత్రం మూడు షిఫ్టులు చేసింది.

ఫిబ్రవరి చివరి వారంలోనే ఈ పనులు చేసి పెట్టుకుంటే మార్చిలో తోటకి రోజుకి పది నిమిషాలు చాలు.

వరిగడ్డి తెచ్చి ప్రతి బ్యాగులో మట్టి మీద రెండంగుళాల మందాన పరవండి. మన చుట్టూ గడ్డివాములకి కొదవా? తెలిసిన రైతునడిగితే ఒక మోపు ఇస్తారు. గడ్డి లేకపోతే ఎండుటాకులు, కొబ్బరి పీచు. తేమ ఆవిరైపోవడం బాగా తగ్గుతుంది.

పెద్ద బ్యాగులో మధ్యన చిన్న మట్టికుండని మెడ దాకా పాతి, నీళ్లు నింపి మూత పెట్టండి. కుండ చెమర్చుతూ వేరుకి నీళ్లందిస్తుంది. మట్టికుండే కావాలి, గ్లేజు వేసిన జాడీ చెమర్చదు.

పడమటి ఎండ పడే వైపు గ్రీన్ నెట్ కట్టేయండి. ఇది ఏప్రిల్లో కడదామనుకుంటారు. ఏప్రిల్లో కట్టేది ఎండిపోయిన మొక్కలకి.

నీళ్లు పొద్దున ఆరింటికే పోయండి. పోసేముందు వేలు రెండు కణుపుల దాకా మట్టిలో గుచ్చి చూడండి. తడి తగిలితే పోయొద్దు. ఎండిపోయి చచ్చే మొక్కలెన్నో, ప్రేమగా పోసిన నీళ్లలో వేరు కుళ్లి చచ్చేవీ అన్నే కనిపిస్తాయి నాకు. పేనుబంక, పిండినల్లి కనిపిస్తే లీటరు నీళ్లలో అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త కుంకుడు రసం కలిపి సాయంత్రం కొట్టండి. ఎండలో కొడితే ఆకు మాడుతుంది.

మల్లెపొద ఉన్నవాళ్లకి ఒక హెచ్చరిక. కొమ్మలు కత్తిరించడం డిసెంబరు, జనవరి పని. మరిచిపోయారా? ఇప్పుడు మార్చిలో ఉత్సాహపడి కత్తెర పట్టుకోకండి. వచ్చిన మొగ్గలే కోసుకోండి. మల్లెకి కూడా దాని వంతుంది మరి.

4. మాగాణి మినుములా మొదలుపెట్టండి

ఇప్పుడు మూడో తూము. బొమ్మలు, పాట, కథ, కుట్టు, వీణ, ఏదైనా సరే. మీకు నిజంగా ఇష్టమైన పని, ఎవరూ జీతమివ్వని పని.

దీని గురించి అందరూ అనే మాట ఒక్కటే: "కాస్త ఖాళీ దొరికాక మొదలుపెడతా." పిల్లల పరీక్షలయ్యాక, ఇల్లు కట్టడం అయ్యాక, రిటైరయ్యాక. అడుగుతున్నాను చెప్పండి, ఆ ఖాళీ ఇప్పటిదాకా ఎప్పుడైనా దొరికిందా?

మన మాగాణి రైతుని చూడండి. రెండో పంట దాళ్వాకి నీళ్లు రావని తెలిస్తే ఏం చేస్తాడు? సార్వా వరి కోసి, కుప్ప వేసి, నూర్చి, దున్ని, అప్పుడు తీరిగ్గా మినుము వేయడు. వరి ఇంకా పొలంలో నిలబడి ఉండగానే, కోతకి రెండు మూడు రోజుల ముందు, ఆ చేలో నడుస్తూ మినుములు చల్లేస్తాడు. వరి కోసుకుపోయేసరికి కింద మొలకలు లేచి ఉంటాయి. దుక్కి లేదు, కొత్తగా నీళ్లు లేవు. వరికి పెట్టిన నీళ్లలో భూమి దాచుకున్న తేమ మీదే రెండున్నర నెలల్లో పంట చేతికొస్తుంది.

మీ ఇష్టమైన పనికి కూడా వేరే పొలం దొరకదు. ఉద్యోగం అనే వరి నిలబడి ఉండగానే చల్లాలి.

ఒక టీచరుగారిని ఊహించుకోండి. కథ రాయాలని పదేళ్ల కోరిక. వేసవి సెలవుల్లో రాద్దామనుకుంటారు, సెలవుల్లో చుట్టాలొస్తారు. ఆవిడ మార్చిలో ఇన్విజిలేషన్‌కి వెళ్లొచ్చిన ప్రతి సాయంత్రం మూడే మూడు వాక్యాలు రాసిపెట్టుకుంటే? ఆ రోజు హాల్లో చూసిన ఒక పిల్లవాడి చెప్పులు, ఒక తండ్రి గేటు బయట నిలబడ్డ తీరు. పదిహేను రోజులకి నలభై అయిదు వాక్యాలు. కథ కాకపోవచ్చు, కానీ మేలో కూర్చున్నప్పుడు ఎదురుగా తెల్లకాగితం ఉండదు. మొలకలుంటాయి.

నా సంగతి చెబుతాను. బస్సులో సీటు దొరికిన రోజు ఈడుపుగల్లు నుంచి పెనమలూరు దాకా ఒక బొమ్మ అని పెట్టుకున్నాను. చేతిలో ఇమిడే పుస్తకం, ఒక పెన్సిలు. ముందు సీటులో ఎవరి తలో, ఎవరి బుట్టో, కండక్టరు చేయో. పోరంకి వచ్చేసరికి జనం ఎక్కి మోచేతులు తగులుతాయి, పుస్తకం మూసేయాల్సిందే. బస్సు కుదుపులకి నా గీతలన్నీ వణుకుతాయి. మొదట్లో సిగ్గేసేది. తర్వాత ఆ వణుకే బందరు రోడ్డు సంతకం అనుకుని వదిలేశాను.

5. సామాను కనపడేచోట పెట్టండి

చిన్న చిట్కానే, పని చేసేది మాత్రం ఇదే. హార్మోనియం మంచం కింద, రంగులు అటక మీద, కుట్టు మిషను మీద ఇస్త్రీ బట్టల గుట్ట. ఇలా ఉంటే పావుగంట టైము దొరికినా, ఆ పావుగంట బయటికి తీయడానికే సరిపోతుంది. ఒక్క సామాను, ఒక్కటే, రోజూ మీరు కూర్చునే చోట చేయి చాపితే అందేలా పెట్టుకోండి.

6. పరిమాణం తగ్గించండి, ఆపకండి

తెనాలి దగ్గర తుమ్మపూడిలో సంజీవదేవ్ (1914–1999) అనే ఆయన ఉండేవారు. చిత్రకారుడు, వ్యాసకర్త. దేశం తిరిగారు, హిమాలయాలు చూశారు, కానీ స్థిరపడింది డెల్టాలోని ఆ పల్లెలోనే. అక్కడి నుంచే దేశదేశాల మిత్రులకి ఉత్తరాలు రాశారు. ఆ ఉత్తరాలే ఆయన సాహిత్యంలో ఒక పెద్ద భాగం. ఇది తెలిసినప్పుడు నాకు చాలా ధైర్యం వచ్చింది. అంత మనిషికి ఉత్తరం చిన్న ప్రక్రియ అనిపించలేదు. మనకి మాత్రం నవల కంటే తక్కువైతే నామోషీ!

బొమ్మకి టైము లేని రోజు ఒక ఆకు గీయండి. పాటకి టైము లేని రోజు ఒక్క వరస సాధన చేయండి. ముగ్గు ఎలాగూ వేస్తారు కదా, ఆ రోజు చుక్కల లెక్క మార్చి చూడండి, అది సృజన కాదా? ఇంకో సంగతి. తోట, కళ ఒకదాని వాటా ఒకటి తినేస్తాయనే భయం వద్దు. కథకుడిగా పేరున్న తుమ్మేటి రఘోత్తమరెడ్డి హైదరాబాదు శివార్లలో తన ఇంటి కప్పు మీద కూరగాయలు పెంచారు. ఆ అనుభవమే 'మిద్దెతోట' అనే పుస్తకమైంది. కథలు రాసిన చేయి మట్టిలో పెడితే మట్టి గురించి కూడా అదే రాసింది. మీ బెండమొక్క పక్కనే ఒక నోటుపుస్తకం ఉంచండి. ఏ రోజు మొలిచింది, ఏ రోజు పూసింది. తేదీ పక్కన ఒక చిన్న బొమ్మ. రెండు తూములకి ఒకే నీళ్లు.

7. వెంటనే నలుగురికీ చూపించకండి

దీనిమీద నాతో మీరు గొడవపడొచ్చు. మొదటి బెండకాయ కాసింది. ఫోటో తీశారు, స్టేటస్ పెట్టారు. ముప్పై మంది చేతులు జోడించారు. బాగుంది. మర్నాడు ఎవరో "ఛానల్ పెట్టండి" అన్నారు. అంతే, ఇక ట్రైపాడ్, మైకు, వీడియోకి వెలుతురు బాగుండాలని మిట్టమధ్యాహ్నం నీళ్లు పోయడం. సేద తీరాల్సిన పనే ఇంకో ఉద్యోగమైపోయింది, అదీ జీతం లేనిది.

ఛానల్ పెట్టినవాళ్లంతా తప్పని కాదు. వాళ్లలో మంచి మాటలు చెప్పేవాళ్లు ఎందరో ఉన్నారు, నేనూ నేర్చుకున్నాను. కానీ మొదటి వసంతంలో వద్దు. ఒక పంటకాలం ఎవరికీ చెప్పకుండా చేయండి. మరీ ఉండబట్టలేకపోతే కాయని కోసి పక్కింటికి ఇవ్వండి. లైకు కంటే వాళ్లింటి గిన్నె నిండా తిరిగొచ్చే పచ్చడి నయం.

8. ఇంట్లో వంతులు మాట్లాడుకోండి

లస్కరు మీరే అన్నాను గానీ ఇంట్లో కాలువలు చాలా ఉంటాయి. ఒక సాయంత్రం అనుకోండి. ఆయన ఆఫీసు నుంచి వచ్చి నేరుగా డాబా ఎక్కుతాడు. ఆవిడ కూడా ఉద్యోగం నుంచే వచ్చింది, కిందే వంటింట్లో ఉంది. అత్తగారు కూర్చుని చూస్తున్నారు.

"ఏవండీ, సొరపాదుకి పెళ్లిళ్లు చేయడం అయిందా? అయితే కాస్త ఉల్లిపాయలు తరగండి."

"పది నిమిషాలు, వస్తున్నా."

"నా వీణ తీసి పది నెలలైంది. మీకు మాత్రం రోజూ పది నిమిషాలు దొరుకుతాయి."

ఇక్కడ తప్పెవరిది? వంతులు మాట్లాడుకోకపోవడానిది. ఎవరో ఒకరి ఇష్టం రోజూ నడుస్తూ ఉంటే, ఆ నీళ్లు ఎవరో ఒకరి తూము మూసేసి తెచ్చుకున్నవే. చాలా ఇళ్లలో ఆ మూసేసిన తూము ఆడవాళ్లదే. అందుకని ఆదివారం కాఫీల దగ్గర అయిదు నిమిషాలు కూర్చుని అడగండి: ఈ వారం ఎవరి వంతు? ఈ వారం ఆవిడ వీణ అయితే ఉల్లిపాయలు ఆయనవి, డాబా మీది నీళ్లు పిల్లలవి. అత్తయ్యగారిని కూడా అడగండి. "నాకేం కావాలమ్మా" అంటారు. ఇంకోసారి అడిగితే, "ఆ బచ్చలి బ్యాగు నా గది గుమ్మం దగ్గర పెట్టించు" అంటారు. ఆ బచ్చలికి ఇక మీరు నీళ్లు పోయక్కర్లేదు.

వంతు మాట్లాడుకున్నాక రెండు నియమాలు. మీ వంతు వచ్చినప్పుడు ఫోను వేరే గదిలో పెట్టి కూర్చోండి, తాతయ్య గట్టు మీద కూర్చున్నట్టు. మీ వంతు కానప్పుడు ఆ పని గురించి నొచ్చుకోకండి. ఈ రెండో నియమమే కష్టం. నాకు రెండేళ్లు పట్టింది.

9. ఏప్రిల్, మే నెలలకి ముందే ఒప్పందం

మార్చి 31 దాటింది. ఏప్రిల్ మొదటి రెండు వారాలూ మీ ఇష్టమైన పనివి. ముందే రాసి పెట్టేయండి, లేకపోతే ఆఫీసు ఆ ఖాళీలోకి కూడా పారుతుంది. ఒక్క చిన్న గడువు పెట్టుకోండి. శ్రీరామనవమి ఏప్రిల్లో పడితే ఆ పందిట్లో ఒక కీర్తన పాడటం, పత్రికల కథల పోటీకి ఒక కథ పంపడం, మీ అమ్మాయి పుట్టినరోజుకి ఒక రవిక కుట్టడం. గడువు మీ పేరు తెలిసిన మనుషుల మధ్య ఉండాలి, అప్పుడే కదులుతాం.

మే నెలలో కాలువలు కట్టేస్తారు. అడుగు కనిపిస్తుంది, పూడిక తీస్తారు, షట్టర్లకి మరమ్మతులు చేస్తారు. మీ డాబాకి కూడా అదే పద్ధతి. ఎండకి ఓడిపోయిన మొక్కని పట్టుకుని పోరాడకండి, తీసేయండి. బ్యాగుల్లో మట్టిని కుమ్మరించి డాబా మీద పలచగా పరిచి వారం పదిరోజులు ఎండనివ్వండి. పురుగు, తెగులు చాలావరకు పోతాయి. బచ్చలి, కరివేపాకు, మల్లె మాత్రం నెట్ కింద ఉంచుకోండి. వీటికి పొద్దున్నా సాయంత్రమూ నీళ్లు. మిగిలిన మధ్యాహ్నాలు తలుపులు వేసుకుని, ఫ్యాను కింద, జనవరిలో కొన్న ఆ నాలుగు పుస్తకాలతో.

ఇంకొక్క పని ఉంది. బెండమొక్కల్లో బాగా కాసిన దాన్ని చూసి, దానిమీద రెండు కాయలు కోయకుండా వదిలేయండి. ముదిరి, ఎండి, గోధుమ రంగుకొచ్చి, చీలికలు పట్టాక కోసి గింజలు తీయండి. నీడలో రెండు రోజులు ఆరబెట్టి, పిడికెడు వేపాకుతో కలిపి కాగితం కవర్లో వేయండి. హైబ్రిడ్ విత్తనమైతే ఈ పని దండగ, నాటు రకమైతేనే చేయండి. కవరు మీద రకం పేరు, తేదీ రాయాలి. నేను పేరుతోపాటు బొమ్మ కూడా వేస్తాను. పోయిన ఏడాది కవరు చూసి మా ఆవిడ దొండ విత్తనాలనుకుని పక్కింటావిడకి ఇచ్చేసింది. ఈసారి కాస్త పొడుగ్గా గీశాను.